తుఫాను బొమ్మను ఎవరు గీస్తారు?



తుఫాను వస్తున్నదని తెలియగానే టీవీలో, పేపర్లో, పెద్దవాళ్ల సెల్‌ఫోన్లో ఒక బొమ్మ కనబడుతుంది. బంగాళాఖాతం మధ్యలో ఒక సుడి. ఆ సుడి దగ్గర మొదలై మన తీరం దాకా వచ్చే ఒక గీత. గీత చుట్టూ గరాటు ఆకారంలో ఒక మచ్చ. ఫలానా రోజు, ఫలానా వేళకు, ఫలానా చోట తీరం దాటుతుందని దాని కింద రాసి ఉంటుంది.

ఆ బొమ్మను చూసి, ఢిల్లీలో ఎవరో పెద్ద శాస్త్రవేత్త కూర్చుని గీసి పంపారని మనం అనుకుంటాం. అట్లా గాదు. దాన్ని ఒక మనిషి గీయలేడు. ఒక్క కంప్యూటరు కూడా గీయలేదు. వేరువేరు ఊళ్లలో, వేరువేరు దేశాల్లో ఉన్న మనుషులు, యంత్రాలు లెక్కను ముక్కలుగా పంచుకుని చేస్తే, ఆ ముక్కలన్నీ ఒకచోట చేరి బొమ్మ అవుతుంది. అదెట్లా జరుగుతుందో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. చివర్లో మన తరగతి గదిలోనే ఆడుకునే ఆట కూడా ఉంది. అందులో కంప్యూటర్లు మనమే!

మనకెందుకీ గొడవ?

మన తోట్లవల్లూరు సముద్రం ఒడ్డున లేదు, నిజమే. కృష్ణ ఒడ్డున ఉంది. ఇదే నది ఇంకా కిందికి పోయి పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. మనలో చాలామంది ఇళ్లవాళ్లు చేపలకు, రొయ్యలకు, పీతలకు కాలవ గట్ల మీద, మడ అడవుల పక్కన ఉంటారు. కొందరు లంకల్లో కూలికి పోతారు. మనకు నీళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. పైనుంచి వస్తే వరద. కింద నుంచి వస్తే ఉప్పెన.

వరద సంగతి మన మండలం వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. మన లంక గ్రామాలు నీళ్లలో మునిగాయి. అయితే వరదకు ఒక మంచి గుణం ఉంది. అది శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటుకుంటూ, కబురు ముందు పంపి తర్వాత వస్తుంది. పైన ఎంత వదిలారో తెలిస్తే కింద ఎప్పుడు ఎంత వస్తుందో లెక్క వేయవచ్చు.

ఉప్పెన అట్లా గాదు. దానికి దారిలో ఆనకట్టలు లేవు, నీటి కొలబద్దలు లేవు. సముద్రం మీద ఏం జరుగుతున్నదో ముందే లెక్క కట్టి బొమ్మగా చూపిస్తే తప్ప మన కంటికి ఆనదు. ఆ బొమ్మ అందక ఏం జరిగిందో దివిసీమకు తెలుసు.

1977 నవంబరు 19

ఆ రోజు శనివారం. బంగాళాఖాతం నుంచి వచ్చిన పెను తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. కానీ ఎక్కువ మంది చనిపోయింది దివిసీమలో. సుమారు 5 మీటర్ల ఎత్తున, అంటే ఒక డాబా ఇంటి కన్నా ఎత్తున, సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. పశువులకైతే లెక్కే లేదు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ముసలివాళ్లను అడిగితే ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు చెబుతారు.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. తుఫాను చీరాల దగ్గర దాటితే దివిసీమ ఎందుకు మునిగింది?

ఎందుకంటే మన వైపు సముద్రాల్లో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుఫాను వచ్చే దారిలో, అది పోయే వైపు ముఖం పెట్టి నిలబడ్డామనుకోండి. మన కుడిచేతి వైపు గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది. తుఫాను నడక వేగం కూడా ఆ గాలికి తోడవుతుంది. అందుకని కుడివైపు నీటిని తోసుకొచ్చి తీరం మీద పోస్తుంది. ఎడమవైపు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి అక్కడ నీరు వెనక్కే పోవచ్చు. చీరాల వైపు వచ్చిన ఆ తుఫానుకు దివిసీమ కుడిచేతి వైపున ఉంది. పైగా మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. నెట్టుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేస్తుంది.

ఒక పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోసి ఒక వైపు నుంచి గట్టిగా ఊదండి. అవతలి అంచు దగ్గర నీరు పైకి లేస్తుంది. ఉప్పెన అంటే అదే, కాకపోతే పళ్లెం బంగాళాఖాతం అంత.

ఇప్పుడు ఆలోచించండి. చీరాల దగ్గర తీరం దాటుతుందన్న ఒక్క ముక్క దివిసీమలో ఉన్నవాళ్లకు చేరిందనుకుందాం. వాళ్లేమనుకుంటారు? మనకు గాదులే, చీరాలకు గదా అనుకుంటారు. అంటే దాటే చోటు ఒక్కటే తెలిస్తే చాలదు. ఎక్కడెక్కడ ఎంత గాలి, ఎక్కడ ఎంత నీరు, ఏ ఊరు మునుగుతుంది అనేది మొత్తం బొమ్మగా తెలియాలి. బొమ్మ కావాలంటే మాత్రం లెక్క చాలా పెద్దదవుతుంది.

గళ్లు, అంకెలు

వాతావరణాన్ని లెక్క వేయడానికి శాస్త్రవేత్తలు చేసే మొదటి పని గళ్లు గీయడం. మన లెక్కల నోటు పుస్తకంలో గళ్ల కాగితం ఉంటుంది గదా, అట్లాగే భూమి మీద గళ్లు గీస్తారు. ఒక్క వరస చాలదు. గాలి పైన కూడా ఉంది కాబట్టి గడి మీద గడి పేర్చి అంతస్తులుగా పెడతారు. ప్రతి గడికీ కొన్ని అంకెలుంటాయి. గాలి పీడనం ఎంత, వేడి ఎంత, తేమ ఎంత, గాలి ఏ వైపుకు ఎంత వేగంతో పోతోంది అని.

తర్వాత భౌతిక శాస్త్ర సూత్రాలు పెట్టి, ఇంకొద్ది నిమిషాల తర్వాత ఆ గడిలో అంకెలు ఏమవుతాయో లెక్క కడతారు. ఒక గడిలో ఏం జరుగుతుందనేది పక్క గళ్లలో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. గాలి పక్కింటి నుంచే గదా వస్తుంది! అన్ని గళ్లకూ ఒకసారి లెక్క అయితే, మళ్లీ ఇంకొద్ది నిమిషాలకు మొదటి నుంచి మొదలు. అట్లా వేల సార్లు చేస్తే మూడు నాలుగు రోజుల తర్వాతి సంగతి తెలుస్తుంది.

గడి చిన్నదైతే బొమ్మ స్పష్టంగా వస్తుంది. కానీ ఖర్చు చూడండి. గడి పొడవు, వెడల్పు సగం చేస్తే ఒక గడి ఉన్న చోట 4 గళ్లు అవుతాయి. గడి చిన్నదైతే కాలాన్ని కూడా చిన్న ముక్కలుగా కోయాలి, అంటే లెక్క రెండింతల సార్లు చేయాలి. 4 రెండ్లు 8. సగం గడికి ఎనిమిది రెట్ల పని! మన వాతావరణ శాఖ 2018 నుంచి సుమారు 12 కిలోమీటర్ల గడితో ప్రపంచం మొత్తానికీ లెక్క వేసింది. 2025 మే నెలలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కొత్త పద్ధతితో 6 కిలోమీటర్ల గడికి వచ్చారు. ఇంత పని ఒక్కరు చేయగలరా?

64,000 మంది కూర్చునే హాలు

ఈ ప్రశ్న వంద ఏళ్ల కిందటే ఒక మనిషికి వచ్చింది. ఆయన పేరు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఇంగ్లండు దేశస్థుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సు నడుపుతూ, దొరికిన తీరికలో ఒక రోజు వాతావరణాన్ని చేత్తో లెక్క వేశాడు. 1910 మే 20న యూరప్‌లో ఆరు గంటల వ్యవధిలో వాతావరణం ఎట్లా మారిందనేది ఆ లెక్క. ఆరు గంటల సంగతికి ఆయనకు ఆరు వారాలు పట్టింది. పోనీ జవాబైనా సరిగా వచ్చిందా అంటే, అదీ లేదు. పీడనం విపరీతంగా పెరుగుతుందని వచ్చింది. నిజానికి ఆ రోజు అది పెద్దగా మారనే లేదు.

అయినా ఆయన సిగ్గుపడి దాచలేదు. 1922లో అచ్చు వేసిన తన పుస్తకంలో ఆ తప్పు లెక్కను కూడా చూపించాడు. అందులోనే ఒక ఊహ రాశాడు. సినిమా హాలు లాంటి పెద్ద గుండ్రటి హాలు. గోడల మీద ప్రపంచ పటం. 64,000 మంది మనుషులు వరసల్లో కూర్చుని, ఎవరికిచ్చిన ముక్కను వాళ్లు లెక్క వేస్తుంటారు. తన జవాబు పక్కవాళ్లకు కనబడేట్టు ఎత్తి చూపిస్తుంటారు. నడుమ ఎత్తైన స్తంభం మీద పెద్ద మేస్త్రీ లాంటి ఒకాయన నిలబడి ఉంటాడు. ముందుకు ఉరికే వాళ్ల మీద గులాబీ రంగు దీపం, వెనకబడిన వాళ్ల మీద నీలం దీపం వేస్తుంటాడు. ఎందుకంటే అందరూ కలిసి నడవాలి. పక్కవాడి జవాబు రానిదే నా లెక్క ముందుకు సాగదు.

అప్పట్లో లెక్కలు వేసే ఉద్యోగం చేసే మనుషులనే కంప్యూటర్లు అనేవాళ్లు. యంత్రం కంప్యూటరు తర్వాత వచ్చింది. 1950లో అమెరికాలో ఎనియాక్ అనే యంత్రం మీద మొదటిసారి వాతావరణాన్ని లెక్క వేశారు. 24 గంటల సంగతి తేలడానికి దాదాపు 24 గంటలే పట్టింది. అంటే రేపటి కబురు రేపే తెలిసింది! కానీ దారి దొరికింది.

మన దేశంలో

1980ల చివర్లో మన దేశం వాతావరణ లెక్కల కోసం అమెరికా నుంచి క్రే అనే సూపర్ కంప్యూటరు తెప్పించి ఢిల్లీలో పెట్టింది. అంతకన్నా శక్తి గల యంత్రం ఇవ్వడానికి ఆ దేశం ఒప్పుకోలేదు. అప్పుడు మనవాళ్లు 1988లో పూనాలో సీడాక్ అనే సంస్థ పెట్టారు. విజయ్ భట్కర్ గారి నాయకత్వంలో 1991లో పరమ్ 8000 తయారైంది. వాళ్లు చేసిన ఉపాయం ఏమిటంటే, ఒక్క పెద్ద మెదడు దొరకనప్పుడు చిన్న చిన్న మెదళ్లను చాలా వాటిని వైర్లతో కలిపి, పనిని వాటికి పంచడం. రిచర్డ్‌సన్ హాలే అది, మనుషుల బదులు చిప్పులు.

ఈనాటి సూపర్ కంప్యూటర్లన్నీ అట్లాంటివే. 2024 సెప్టెంబరులో పూనాలో అర్క, ఢిల్లీ పక్కన నోయిడాలో అరుణిక అనే యంత్రాలు మొదలయ్యాయి. రెండు పేర్లూ సూర్యుడికి సంబంధించినవే. అర్క శక్తి 11.77 పెటాఫ్లాప్స్, అరుణిక శక్తి 8.24. ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు ఒకటి పక్కన 15 సున్నాలు పెట్టినన్ని లెక్కలు.

అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?

లెక్క మొదలు పెట్టాలంటే, ఈ నిమిషాన గాలి ఎట్లా ఉందో తెలియాలి. అది ఒక్క చోట కొలిస్తే రాదు.

మచిలీపట్నం వాతావరణ కేంద్రం నుంచి బెలూన్లు వదులుతారు. దానికి కట్టిన చిన్న పెట్టె పైకి పోతూ వేడి, తేమ, పీడనం రేడియోలో పంపుతుంది. అక్కడే డాప్లర్ రాడార్ ఉంది. అది రేడియో తరంగాలను పంపి, వాన చినుకులకు తగిలి తిరిగొచ్చిన వాటిని పట్టుకుంటుంది. చినుకులు ఎంత దూరంలో ఉన్నాయో, దగ్గరకు వస్తున్నాయో దూరం పోతున్నాయో దాని వల్ల తెలుస్తుంది. సముద్రంలో లంగరు వేసిన తేలే బోయాలను చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ చూసుకుంటుంది. పైన ఇన్‌శాట్ ఉపగ్రహాలు. దారిన పోయే ఓడలు, విమానాలు కూడా తాము చూసింది చెబుతాయి. తుఫానుకు సరిహద్దులు లేవు కాబట్టి, ప్రపంచ వాతావరణ సంస్థ ఏర్పాటు చేసిన తంతి దారుల్లో దేశాలన్నీ ఈ అంకెలను ఇచ్చి పుచ్చుకుంటాయి.

ఒకే చోట నమ్ముకుంటే ఏమవుతుందో 2014లో చూశాం. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడినప్పుడు అక్కడి రాడారే దెబ్బతింది. అయినా పైన ఉపగ్రహాలు ఉన్నాయి, తీరం వెంట వేరే ఊళ్ల రాడార్లు ఉన్నాయి. ఒక కన్ను పోయినా మిగతా కళ్లు చూశాయి.

ఒక బొమ్మ, పలువురి లెక్క

ఇంకొక విశేషం. లెక్క కూడా ఒక్క చోటే చేయరు. మన దేశంలో పూనా, నోయిడా, ఢిల్లీ. బయట అమెరికా, ఇంగ్లండు, జపాను, యూరప్ దేశాల ఉమ్మడి కేంద్రం. ఎవరి సూత్రాలతో వాళ్లు వేసిన దారులు వస్తాయి. మన వాళ్లు ఒకే లెక్కను 21 సార్లు వేసే పద్ధతి కూడా పెట్టారు. ప్రతిసారీ మొదటి అంకెలు కాస్త అటూ ఇటూ మారుస్తారు. ఎందుకంటే కొలతలో చిన్న తేడా ఉండనే ఉంటుంది. అది నాలుగు రోజుల్లో పెద్ద తేడా కావచ్చు.

ఇవన్నీ ఒకే పటం మీద గీస్తే, ఒక చిక్కు తాళ్ల కట్టలాగా కనబడతాయి. తాళ్లు దగ్గర దగ్గరగా పోతే నమ్మకం ఎక్కువ. విడిపోయి తలా ఒక దారి పడితే నమ్మకం తక్కువ. ఢిల్లీలో తుఫాను విభాగం వాళ్లు వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని, రాడార్ వాళ్లతోనూ తీర కేంద్రాల వాళ్లతోనూ మాట్లాడుకుని, ఒక దారి నిర్ణయిస్తారు. ఆ ఢిల్లీ కేంద్రం మన ఒక్క దేశానికే గాదు, బంగాళాఖాతం, అరేబియా సముద్రాల చుట్టూ ఉన్న 13 దేశాలకు హెచ్చరికలిస్తుంది. 2004 నుంచి తుఫానులకు పేర్లు పెడుతున్నదీ ఆ దేశాల వాళ్లే. హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటిన మిచాంగ్ పేరు మయన్మార్ ఇచ్చింది.

ఉప్పెన లెక్క వేరే. తుఫాను దారి, గాలి వేగం తీసుకుని, సముద్రం ఎంత లోతు, ఒడ్డు ఎంత ఎత్తు అనే పటాలతో కలిపి లెక్క వేయాలి. ఆ పని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ చేస్తుంది. 1999లో పెట్టిన సముద్ర సమాచార కేంద్రం అది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని మన సముద్రాన్ని కనిపెడుతున్నారు! ఢిల్లీ వాళ్ల దారి, మచిలీపట్నం వాళ్ల కొలతలు, హైదరాబాదు వాళ్ల నీటి లెక్క కలిస్తేనే ఫలానా ఊరికి ఇంత లోతు నీరు రావచ్చు అని తెలుస్తుంది.

అంకెలకు రంగులు ఎందుకు?

కంప్యూటరు చివరికి ఇచ్చేది అంకెల కుప్ప. అచ్చు వేస్తే మన గురుకులం గదులన్నీ కాగితాలతో నిండిపోతాయి. అన్ని అంకెలు ఏ కలెక్టరు చదువుతాడు, ఏ జాలరి చదువుతాడు? అందుకని అంకెలకు రంగులు వేస్తారు. తక్కువ గాలికి ఒక రంగు, ఎక్కువ గాలికి ఇంకొక రంగు. కన్ను ఒక్క చూపులో పట్టేస్తుంది. దీన్నే శాస్త్రవేత్తలు విజువలైజేషన్ అంటారు, అంటే లెక్కను కంటికి కనబడేట్టు చేయడం. ఢిల్లీలో అధికారి, విజయవాడలో అధికారి, ఊళ్లో సర్పంచి గారు ఒకే బొమ్మను చూస్తూ మాట్లాడుకుంటే మాట తేడా రాదు.

కానీ బొమ్మను తప్పుగా చదివితే బొమ్మ లేనంత ప్రమాదం. ముఖ్యంగా ఆ గరాటు. 2009 నుంచి మన వాతావరణ శాఖ దాన్ని చూపిస్తున్నది. అది తుఫాను సైజు అని చాలామంది అనుకుంటారు. తప్పు! తుఫాను నడిబొడ్డు, అంటే కేంద్రం, ఎక్కడెక్కడికి పోవచ్చో గరాటు చెబుతుంది, అంతే. రేపటి సంగతి కన్నా ఎల్లుండి సంగతి చెప్పడం కష్టం కాబట్టి పోనుపోను వెడల్పవుతుంది. గాలి, వాన, ఉప్పెన గరాటు బయట కూడా ఉంటాయి. 1977లో ఈ బొమ్మ ఉండి, కేంద్రం చీరాల మీద చూపించి ఉంటే, దివిసీమ చూడాల్సింది గీతను గాదు, గీతకు కుడివైపున ఉప్పెన రంగును.

ఇళ్లలో కంప్యూటర్లు కూడా

లెక్క పంచుకోవడానికి సూపర్ కంప్యూటరే ఉండాలని లేదు. 2003లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పని మొదలుపెట్టారు. భూమి వాతావరణం రాబోయే ఏళ్లలో ఎట్లా మారుతుందో లెక్క వేయడానికి, మామూలు జనాన్ని సాయం అడిగారు. ఇంట్లో కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఒక ముక్క లెక్క చేసి ఇంటర్నెట్ ద్వారా తిప్పి పంపితే చాలు. ప్రపంచమంతటా ఎందరో ఇచ్చారు. పొలంలో బదులు పని లాంటిదే ఇది. నీ నాట్లకు నేను, నా నాట్లకు నువ్వు.

మీరూ చేసి చూడండి

కావలసినవి: ఒక చార్టు, స్కేలు, పెన్సిళ్లు, చిన్న చీటీలు, రంగు పెన్సిళ్లు, ఒక గంట.

చార్టు మీద 8 వరసలు, 8 నిలువులు గళ్లు గీయండి. మొత్తం 64. దాన్ని సమానంగా నాలుగు ముక్కలు కోయండి. ఒక్కో ముక్కలో 16 గళ్లు. నాలుగు జట్లు తలా ఒకటి తీసుకుని దూరం దూరంగా కూర్చోవాలి. పై ఎడమ ముక్క ఒకటో జట్టుది, పై కుడి రెండోది, కింద ఎడమ మూడోది, కింద కుడి నాలుగోది.

అన్ని గళ్లలో 0 రాయండి. ఒకటో జట్టు ముక్కలో కింద కుడి మూల గడిలో మాత్రం 100 రాయండి. అదే మన తుఫాను.

సూత్రం ఇది. ఏ గడికైనా కొత్త అంకె కావాలంటే, ఆ గడిలోని అంకె, దాని పైన, కింద, ఎడమ, కుడి గళ్ల అంకెలు మొత్తం ఐదూ కూడి 5తో భాగించాలి. మీ ముక్క అంచు దాటిన గడి అంకె కావాలంటే పక్క జట్టును చీటీ మీద రాసి అడగాలి. చార్టు బయట ఉన్నదంతా 0 అనుకోండి. అన్ని జట్లూ పూర్తి చేశాకే గంట కొట్టాలి. గంట కొట్టాకే రెండో విడత.

ఒక విడత అయ్యేసరికి 100 ఉన్న గడిలో 20, దాని నాలుగు పక్కలా 20 చొప్పున ఉండాలి. రెండో విడతకు నడుమ 20, దాని చుట్టూ ఎనిమిది గళ్లలో 8, ఆ చతురస్రానికి నాలుగు వైపులా ఒక్కో గడిలో 4 రావాలి. అన్నీ కూడితే మళ్లీ 100. రాకపోతే ఎవరో తప్పు చేశారు, లేదా ఒక చీటీ చేరలేదు.

ఇప్పుడు 15 దాటిన గడికి ఎరుపు, 6 నుంచి 15 దాకా నారింజ, 1 నుంచి 5 దాకా పసుపు వేయండి. ఆ తర్వాత చూడండి తమాషా. నాలుగో జట్టు తన ముక్క ఒక్కటే చూసుకుంటే, మూలన ఒక్క నారింజ గడి తప్ప అంతా తెలుపే. మాకేం ప్రమాదం లేదులే అనుకుంటుంది. నాలుగు ముక్కలూ గోడకు కలిపి అతికిస్తే, ఎర్రటి బొట్టు వాళ్ల గుమ్మం ముందే ఉంటుంది!

ఇంకో సంగతి కూడా గమనించండి. నాలుగు జట్ల బదులు పదహారు జట్లు చేస్తే పని నాలుగు రెట్లు తొందరగా అవుతుందా? కాదు. చీటీలు మోసేందుకే సగం సేపు పోతుంది. సూపర్ కంప్యూటర్లకూ ఇదే కష్టం. అందుకే లెక్క వేసే చిప్పుల మీదే గాక, వాటిని కలిపే తీగల మీద కూడా అంత ఖర్చు పెడతారు.

ఆఖరి చీటీ

అంకెలు చూద్దాం. 1977లో సుమారు 10,000 మంది పోయారు. 1990 మే 9న అటువంటి పెద్ద తుఫానే మన కృష్ణా తీరాన్ని తాకింది. కానీ ముందుగా లక్షల మందిని తరలించారు, మరణాలు వెయ్యి లోపే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఒడిశాలో గోపాలపూర్ దగ్గర దాటినప్పుడు ఒడిశా, ఆంధ్ర కలిపి పది లక్షల మంది వరకు ఖాళీ చేయించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. తుఫానుల బలం తగ్గలేదు. బొమ్మ బాగుపడింది, అది అందే దారీ బాగుపడింది.

అయితే దారిలో ఆఖరి చీటీ ఇంకా ఉంది. ఉపగ్రహం, రాడార్, అర్క, అరుణిక, ఢిల్లీ, హైదరాబాదు, విజయవాడ అన్నీ పని చేసి, ఫోన్లోకి బొమ్మ వచ్చింది. ఆ ఫోను కరకట్ట మీద వల బాగు చేసుకునే మామయ్య చేతిలో ఉంది. మామయ్య చదువుకోలేదు. బొమ్మ మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చీటీ అక్కడ ఆగిపోతే అంతకు ముందు జరిగిన లెక్కంతా వృథా. అందుకని బొమ్మ చూసినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు ఇంట్లోవాళ్లకు తెలుగులో, మన ఇంటి మాటల్లో చెప్పాలి.

1. బొమ్మ ఏ తేదీది, ఎన్ని గంటలది? పాత బొమ్మ పనికిరాదు. కొత్త లెక్క వచ్చే కొద్దీ దారి మారుతుంది.

2. మన ఊరు గీతకు కుడివైపా, ఎడమవైపా?

3. గరాటు కాకుండా, గాలికి, వానకు, ఉప్పెనకు వేరే బొమ్మలున్నాయా? అందులో మన ఊరు ఏ రంగులో ఉంది?

4. బొమ్మ ఎవరిది? వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల సంస్థ ఇచ్చినదేనా, ఎవరో ఊహించి పంపినదా? అనుమానం వస్తే 1070కి గాని 112కి గాని ఫోన్ చేసి అడగవచ్చు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరు సముద్రానికి ఎంత దూరం, దగ్గర్లో తుఫాను షెల్టరు ఎక్కడుంది, అక్కడికి ఏ దారి మునగకుండా ఉంటుంది అని కనుక్కుని రాసుకు రండి. అందరివీ తెచ్చి ఒకే పటం మీద గుర్తులు పెడదాం. ఒక్కొక్కరిది ఒక్క చుక్కే. కలిస్తే మన మండలం నుంచి నాగాయలంక దాకా ఒక బొమ్మ అవుతుంది. ఆటలో రంగులు వేసిన చార్టు ముక్కలను ఈ గోడపత్రిక కిందే అతికించండి. కూడిక 100 రాని జట్టు పేరు మాత్రం రాయం, భయపడకండి!